ఎదురుగాలి

"పక్కకు జరుగు పుష్పా! ఎడపల్లి దాటినం. ఇంకెంతసేపు నీ ఎన్కనే?" సైకిల్ తొక్కుతూనే అరిచింది సవిత.

"సార్ జెప్పిండు గదా, నా ఎన్క చక్రం ఇడ్వకుండ రా," అంది పుష్పలత తిరిగి చూడకుండానే.

కాలేజీ టీములో ఇద్దరికీ ఇదే మొదటి రేసు. మిగతావాళ్లంతా ఎప్పుడో వెనకబడ్డారు. రోడ్డు పక్క జనం చప్పట్లన్నీ ముందున్న పుష్పకే. సవితకు కడుపు మండిపోతోంది. గట్టిగా తొక్కేది తానైతే, సార్ ఈమెను ముందు పెట్టడమేంటి?

రేసు ముగిసే బోధన్ కనబడగానే పుష్ప పక్కకు తప్పుకుంది. "ఇగ ఉరుకు."

"ఏమే, దమ్ము అయిపోయిందా?"

"అయిపోయింది. నీది మిగలాల్ననే గాలికి అడ్డమున్న. ముందే జెప్తె నువ్వు ఇంటవా? ఒకల సాయం నాకొద్దంటవ్. అందుకే సార్ జెప్పలే."

సవిత ముందుకు దూకింది. చెరుకు చేల మీది గాలి ఎదురొచ్చి ఛాతీని వెనక్కి నెట్టింది. నిజామాబాద్ నుంచి ఈ గాలంతా పుష్ప ఒక్కతే మోసిందా?

గీత దాటాక చప్పట్లన్నీ సవితకే. ఆమె మాత్రం రొప్పుతూ వస్తున్న పుష్పనే చూస్తోంది. కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"గెల్సినవ్ గదనే, మూతి గట్ల వెట్టినవేంది?"

"మల్ల రేసుల ముంగట నేనే ఉంట."

"మల్ల షురూ జేసినవా?"

"గాలికి నేను అడ్డముంట. నువ్వు గెలువు."