పేరు లేని కుళాయి

"కుళాయి వార్త ఏసినావంటే నీ చానల్‌కి తాళమే, నీరజమ్మా!" అన్నాడు వైకుంఠరావు, మీసం దువ్వుకుంటూ. అభ్యర్థి దండపాణి బాబుకి అతను ఏజెంటు.

వెంట వచ్చిన ఎన్నికల అధికారి కాదనలేదు. ఒడియా మనిషే అయినా తెలుగు బాగా వచ్చు. "ప్రచారం ముగిసింది. పోలింగు అయ్యేదాకా అభ్యర్థి పేరు, పార్టీ, గుర్తు ఏదీ టీవీలో రాకూడదు. చట్టం" అన్నాడు.

ఒడిశాలోని బరంపురంలో, అంకులి ప్రాంతాన ఒక్క గదిలో నడిచే తెలుగు కేబుల్ చానల్ అది. యజమానీ, విలేకరీ నీరజే. గోపాల్‌పూర్ జాలరిపేటలో బాబు వేయించిన కుళాయి ప్రారంభం నాడు పారింది. మళ్లీ పారలేదు. ఓట్లు పడ్డాక దాని మొహం చూసే నాథుడుండడు.

"వంటల కార్యక్రమం వేసుకోవచ్చా, సార్?"

"వేసుకోండి. నేనూ వచ్చి కూర్చుంటా."

మర్నాడు జాలరిపేట ఎర్రమ్మ ఆ కుళాయి పక్కనే పొయ్యి పెట్టింది. వెనక శిలాఫలకం మీది పేర్లకు ఎన్నికల నియమం ప్రకారం కాగితం అంటించి ఉంది. ప్రత్యక్ష ప్రసారం మొదలైంది. అధికారి కుర్చీ వేసుకుని చెవులు రిక్కించాడు.

"ఇయాల సేపల పులుసమ్మా. ముందుగాల సేపలు కడగాల." ఎర్రమ్మ కుళాయి తిప్పింది. బుస్సుమంది. "గాలొచ్చింది. ఆగాల."

చింతపండు నానబెట్టడానికి మళ్లీ తిప్పింది. మళ్లీ గాలే.

"పులుసుకి గాలెంత పొయ్యాలి, ఎర్రమ్మత్తా?" అడిగింది నీరజ.

"సిటికెడు సాలమ్మా. ఎక్కువైతే కడుపుబ్బిపోద్ది!"

పేట గొల్లుమంది. వైకుంఠరావు అధికారి దగ్గరికి ఉరికాడు. "ఆపించండి సార్! ఇది మా బాబు మీదే!"

"ఏ పేరు చెప్పారు? చేపలకి పార్టీ ఉంటుందా?"

వైకుంఠరావు పక్కకెళ్లి ఫోన్లో అరిచాడు. "మోటారెయ్యరా సచ్చినోడా! పరువు పోతంది!"

కాసేపటికి కుళాయి దగ్గింది. తుప్పు నీళ్లు కక్కింది. ఆపైన తెల్లటి ధార! ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఒక్క పేరూ పలక్కుండా నీరజ నీళ్లు రప్పించింది. కెమెరాను ధార మీదకు తిప్పింది.

ఎర్రమ్మ తడి చేతులెత్తి దణ్ణం పెట్టింది. "ఈ కుళాయి ఎవులేయించినారో ఏటో! రాయి మీద కాయితముంది. నరమానవుడి పని కాదమ్మా. గంగమ్మ తల్లే ఏయించుంటాది."

వైకుంఠరావు తట్టుకోలేకపోయాడు. తన ఫోనుతో వచ్చిన నీళ్లు గంగమ్మ ఖాతాలోకా! ఒక్క గెంతులో కెమెరా ముందుకొచ్చి శిలాఫలకం మీది కాగితం పర్రున చించేశాడు.

"గంగమ్మేటి! దండపాణి బాబు! సూడండి, పేరు సూడండి! మీ ఓటు..."

నీరజ టక్కున ప్రసారం ఆపేసింది. అధికారి కుర్చీలోంచి లేచి నేరుగా ఆమె వైపు వచ్చాడు.  ఇంక తాళమే అనుకుంది నీరజ.

అతను ఆమెను దాటి వెళ్లి వైకుంఠరావు భుజం మీద చెయ్యి వేశాడు. "పద, ఛత్రపూర్ కలెక్టరాఫీసుకి పోదాం. ప్రచారం ముగిశాక టీవీలో ఆ పేరు పలికింది నువ్వొక్కడివే."