కాటుక కొరికిన చెప్పు

"ఈ ఇంట్లో ఇన్ని జతల చెప్పులున్నాయి. దీనికి ఎప్పుడూ నావే ఎందుకు కావాలి?"

కోడలు పాడైపోయిన చెప్పును గుమ్మంలో పడేసి నిలబడింది. ఆమె పనిచేసే మందుల షాపు తెరిచే వేళ దాటిపోతోంది. చెప్పు మడమ దగ్గర పీలికలైంది. పట్టీ సగం లేదు. తెల్లటి ఒంటి మీద ఒక కంటి చుట్టూ మాత్రం నల్లమచ్చ ఉన్న కుక్క, కాటుక, మంచం కిందికి దూరి ముక్కు బయటపెట్టి చూస్తోంది.

"దానికి మనుషులు తెలుసమ్మాయ్," అంది అత్తగారు, కాటుక అన్నం తినే గిన్నె కడుగుతూ. "నా చెప్పుల జోలికి ఒక్కనాడైనా వచ్చిందా? నువ్వు దాన్ని చూస్తే విసుక్కుంటావు. నోరు లేదు గానీ దానికీ మనసుంటుంది."

ఆ మాటలో కోపం కన్నా గర్వం పాలు ఎక్కువ. పొద్దస్తమానం కుక్కను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. తిండి ఆవిడదే, స్నానం ఆవిడదే, పేలు చూడటమూ ఆవిడదే. అది తెలుసు కనకే కోడలికి మాట మరింత గుచ్చుకుంది. చివరికి కుక్కకు కూడా నేను పరాయిదాన్నేనా అనుకుంది.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు, మనింట్లో చెప్పుకే కుక్కకాటు అన్నాడు భర్త, తల దువ్వుకుంటూ. ఆ చేత్తోనే తీర్పూ చెప్పేశాడు. తనకు తెలిసిన ఒక గోదాము కాపలావాడు కుక్క కోసం చూస్తున్నాడట. ఆదివారం తనే తీసుకెళ్లి అప్పగించేస్తాడట. అక్కడ గొలుసు వేసి కట్టేస్తే కొరకడానికి గోడలు తప్ప ఏమీ ఉండవట. అతని తల్లి గిన్నె కింద పెట్టేసింది.

అప్పుడే మంచం కింద కుక్క డోకుతున్న శబ్దం వినిపించింది. ఆగి, మళ్లీ డోకింది. ఏమీ రాలేదు. కోడలు చెప్పు వంక చూసింది.

"ఆ సగం పట్టీ మింగింది," అంటూ చేతిసంచి పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని కుక్కను బయటికి తీసింది.

ముగ్గురూ దాన్ని తీసుకెళితే పశువుల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, సూది వేసింది. కాసేపటికి పట్టీ ముక్కను కాటుక కక్కేసింది. ఇంకాస్త లోపలికి పోయుంటే పేగుకు అడ్డం పడేదని, పొట్ట కోసి తీయాల్సి వచ్చేదని, ఒక్కోసారి అదీ ఫలించదని డాక్టరమ్మ చెబుతుంటే కోడలు కుక్కను దగ్గరికి లాక్కుంది. ఎవరి చెప్పులని అడిగితే, ఎప్పుడూ నావేనని, నేనంటే దానికి పడదని తలవంచుకుని చెప్పింది.

"పగలు మీరు ఇంట్లో ఉండరు కదూ?"

"ఉండను."

"పడకపోతే మీ వాసనున్న వస్తువే వెతికి మరీ ఎందుకు తెచ్చుకుంటుందమ్మా? కక్ష సాధించడం మనుషుల విద్య. మీరు వెళ్లిపోయాక దీనికి దిగులు. ఆ దిగుల్లో నములుతుంది, అంతే."

చెప్పులు అందకుండా ఎత్తున పెట్టమంది. మింగలేనంత పెద్ద గట్టి రబ్బరు బంతి ఒకటి ఇమ్మంది. పనికి పోయే ముందు కాసేపు నడిపించుకు రమ్మంది. గొలుసు వేసి కట్టేస్తే దిగులు పెరుగుతుందే తప్ప తగ్గదంది. ఆ మాట విన్నాక భర్త మళ్లీ గోదాము ఊసెత్తలేదు.

అత్తగారు కుక్క వీపు నిమురుతూ అంతా విన్నది. వచ్చేసేటప్పుడు ఒక్కటే అడిగింది.

"మరి అన్నం పెట్టేవాళ్ల మీద దిగులుండదా అమ్మా?"

ఎప్పుడూ పక్కనే ఉండే మనిషి కోసం దిగులెందుకండీ అని డాక్టరమ్మ నవ్వింది. ఓదార్పుగానే అంది. కానీ అత్తగారు కుక్క వీపు మీంచి చెయ్యి తీసేసింది.

మర్నాటి నుంచి ఇంట్లో చెప్పులన్నీ అలమర ఎక్కాయి. కోడలు పెందలాడే లేచి కాటుకను వీధి చివరిదాకా నడిపించేది. అది ఆమె కాళ్లకు అడ్డం పడుతూ, తోక ఊపుతూ నడిచేది. అత్తగారి చెప్పులు మాత్రం గుమ్మం పక్కనే ఉండేవి. అంతెత్తున పెడితే తనకు అందవని ఆవిడ అంది. కాటుక వాటిని వాసనైనా చూడకుండా దాటిపోతోంది కదా అని ఎవరూ బలవంతపెట్టలేదు.

ఒక సాయంత్రం కోడలు షాపు నుంచి వచ్చేసరికి అత్తగారు చెప్పు ముక్కలు పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది. ఆవిడ మొహం చాన్నాళ్లకు వెలిగింది.

"చూడు, దీని పని. పక్కింటికెళ్లి కాస్త ఆలస్యం చేశానో లేదో, నా చెప్పు ఏం చేసిందో. గంటసేపు నేను కనపడకపోతే ఉండలేదు కాబోలు."

కోడలు ముక్కల్ని లాక్కుని, బండి తీయమని భర్తను కేకేసింది. అతను కుక్కను చంకనేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అత్తగారు కంగారుగా అడ్డుపడింది. అదేమీ మింగలేదని, ఉత్తపుణ్యానికి దానికి సూదులు పొడిపించొద్దని బతిమాలింది. మీకెలా తెలుసని కోడలు అడిగితే గోడ వైపు చూసింది.

కోడలు నేల మీద చతికిలబడి ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి చేర్చింది. మడమ వైపుది, నడిమిది, వేళ్ల వైపుది, పట్టీ. అన్నీ కుదిరాయి. రవ్వంత కూడా తగ్గలేదు. ఆమె ఒక ముక్క అంచు వెంట వేలు పోనిచ్చి చూసింది.

"ఏమైంది, మింగిందా?" అన్నాడు భర్త.

"లేదు. అంతా ఇక్కడే ఉంది." కోడలు తలెత్తి అత్తగారి వైపు చూసింది. "మీ మీద దీనికి ఎంత దిగులో చూశారా అత్తయ్యా. ఇకనుంచి మీ చెప్పులూ నేనే ఎత్తున పెడతాను."

ఆ మాట అంటూనే, కత్తెర తిన్నగా కోసిన అంచులు భర్త కంట పడకుండా, ముక్కలన్నీ చేతిసంచిలో దోపేసింది.