ఊడ్చేవాడి జేబు

"జేబులో ఏంటది?"

ఊడ్చే ముసలాయన చీపురు గోడకానించి, నాలుగు రీడులు తీసి బల్ల మీద పెట్టాడు. క్లారినెట్ మూతికి బిగించే పల్చటి రెల్లు ముక్కలవి.

వాటిని చెక్కే పెద్దాయనకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా డబ్బాలో రీడులు తగ్గిపోతున్నది ఇందుకన్నమాట!

"ఇదా నీ చేతివాటం?"

"పనికిరానివేనండీ. మీరు ఊదుతుంటే విన్నాను. కీచుమన్నాయి."

"నలభై ఏళ్ళుగా చెక్కుతున్నా. ఊది చూడందే ఒక్కటీ డబ్బాలో వెయ్యను. నువ్వా నాకు చెప్పేది? ఇంకెప్పుడూ నా గడప తొక్కకు!"

ముసలాయన మళ్ళీ చీపురందుకున్నాడు. నేల మీది రెల్లు పొట్టంతా ఊడ్చి మరీ వెళ్ళాడు.

పెద్దాయన మళ్ళీ కత్తి పట్టుకున్నాడు. రెల్లు ఏళ్ళ తరబడి ఆరాలి. చీల్చాలి, నానబెట్టాలి, కొసన వెలుతురు కనపడేదాకా గీకాలి. నడుము పడిపోతోంది, విసుగొస్తోంది. ఏదో, మంచి పేరుంది కాబట్టి లాక్కొస్తున్నాడు గానీ, లేకపోతే ఏనాడో మానేసేవాడు.

నెల తిరక్కుండానే బ్యాండు మాస్టరు డబ్బా వెనక్కి పట్టుకొచ్చాడు.

"బాబాయ్, సగం కీచుమంటున్నాయి. ఇలాగైతే మేం ఇంకో చోటు చూసుకోవాలి."

పెద్దాయన ఒకటి బిగించి ఊదాడు. చక్కగా పలికింది.

"బాగానే ఉంది కదయ్యా!"

లోపల్నుంచి భార్య చెవులు మూసుకుని వచ్చింది.

"అబ్బబ్బ, ఆపండి! సన్నటి చప్పుళ్ళు మీకు వినపడటం లేదని ఎన్నిసార్లు చెప్పాను?"

పెద్దాయన క్లారినెట్ కింద పెట్టేశాడు. ముసలాయన తీసినవి నిజంగా కీచుమన్నవే అన్నమాట. ఇన్నాళ్ళూ తన పరువు కాపాడినవాణ్ణి దొంగని చేసి తరిమేశాడు!

మాస్టరును వెంటబెట్టుకుని, ముసలాయన ఉండే అద్దె గదికి పరుగు తీశాడు. ఇంటావిడ తలుపు తీసింది.

"ఆయనా? జ్వరంతో పోయి పది రోజులైందండీ. రీడులాయన వస్తే ఇమ్మని ఇది నాకిచ్చాడు."

పొట్లం నిండా రీడులే. ఎక్కడ గీకితే పలుకుతుందో ఒక్కోదాని మీద పెన్సిలుతో రాసి ఉంది.

ఆ రాత గుర్తుపట్టి మాస్టరు పొట్లం చేతిలోకి లాక్కున్నాడు.

"మా గురువుగారు, బాబాయ్. పక్షవాతంతో మూతి వంకరపోయాక ఎటు పోయారో తెలీలేదు. రీడుల కోసం తను రాకుండా ఎప్పుడూ మమ్మల్నే మీ దగ్గరికి పంపేవారు. పాతికేళ్ళలో మీ రీడు తప్ప ఇంకోటి నోట పెట్టలేదాయన."