కారు కదిలితేనే పెళ్లి

"మా నాన్న కారులోనే పెళ్లి బయల్దేరాల. ఆ కారు కదిలితేనే పెళ్లి. లేకపోతే లేదు."

నౌషాద్ ఈ మాట తల్లి హజ్రా బీ ముందు, కూతురు ఫరా ముందు, మాచర్ల నుంచి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దల ముందు అన్నాడు. అని, ధీమాగా టీ తాగాడు.

ఆయన ధీమాకు కారణం ఉంది. ఆ కారు పాత అంబాసిడర్. నరసరావుపేటలో ఆయన మెకానిక్ షెడ్డు వెనక ఏళ్ల తరబడి పడి ఉంది. అడుగంతా తుప్పు పట్టి రాలిపోయింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఊళ్లో సగం బండ్లు బాగుచేసే నౌషాద్‌కు అది ఇక కదలదని బాగా తెలుసు.

కూతురి సంగతే సరిగ్గా తెలియదు.

పెద్దలు అటు వెళ్లారో లేదో, ఫరా చున్నీ నడుముకు బిగించి కోళ్లను తోలేసింది.

"శుక్రవారం షెడ్డుకు సెలవే గదా అబ్బాజాన్. నువ్వూ పని చెయ్యాల. మాటిచ్చింది నువ్వే" అంది.

పెద్దల ముందు ఇచ్చిన మాట. నౌషాద్ పానాల పెట్టె తెచ్చుకున్నాడు.

ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం ఆయన మసీదు నుంచి వచ్చేసరికి ఫరా ఉప్పుకాగితంతో తుప్పు గీకుతూ ఉండేది. ఇద్దరూ కలిసి అడుగుకు కొత్త రేకు వేశారు. ఇంజను దించారు, విప్పారు, మళ్లీ ఎక్కించారు. మొదట్లో నౌషాద్ ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేవాడు. కానీ చేతికి పని తగిలితే మెకానిక్ ఎంతసేపని బిగుసుకుని ఉంటాడు? తలుపుల సొట్టలు తీస్తూ ఈల వేసేవాడు. ఆ తలుపులు ఎందుకు బాగుచేస్తున్నాడో గుర్తొచ్చి ఆపేసేవాడు.

పక్కింటి కాంతమ్మ గోడ మీదుగా చూసి బుగ్గలు నొక్కుకునేది.

"పెళ్లి కోసం ఇట్టా తుప్పు గీకే ఆడపిల్లను నేను యాడా చూళ్లేదు. అంత తొందరేందే?"

"తొందరే పిన్నీ. వానలు పడేసరికి నేను దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరాల. ఆ లోపల అయిపోవాల" అంది ఫరా, ఏ మొహమాటం లేకుండా.

సిగ్గుపడింది నౌషాదే. కారు కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు.

ఏ రంగు వేద్దామని ఫరా మాచర్లకు ఫోన్ చేసింది. కిలకిలా నవ్వుతూ మాట్లాడి మాట్లాడి, చివరికి వచ్చి లేత నీలమట అని చెప్పింది. అన్నీ వాళ్లిష్టమేనా అని నౌషాద్ సణిగాడు. సాయంత్రానికి లేత నీలం డబ్బా తనే మోసుకొచ్చాడు.

హజ్రా బీ పీట వేసుకుని పక్కనే కూర్చునేది. ఈ పెళ్లి చూసేదాకా తను కన్నుమూసే ప్రసక్తే లేదని బెదిరించేది. ఎవరిని బెదిరిస్తోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఎట్టకేలకు కారుకు పెళ్లికళ వచ్చింది. ఆ శుక్రవారం ఫరా సెల్ఫ్ కొట్టింది. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టింది. ఊహూఁ.

తను ముందే చెప్పానన్నాడు నౌషాద్. ఎందుకో గొంతు పెద్దగా లేవలేదు.

ఫరా బానెట్ ఎత్తింది. బ్యాటరీ చూసింది, పెట్రోలు చూసింది. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా మూత తీసింది. లోపల తిరగాల్సిన చిన్న ముక్క లేదు. పొద్దున తన చేత్తో బిగించిన ముక్క. ఎలకలు ఎత్తుకుపోయే వస్తువు కాదది.

తండ్రి వైపు తిరిగింది. ఆయన కోళ్ల వంక చూస్తున్నాడు.

ఫరా చెయ్యి చాచింది. నౌషాద్ చొక్కా జేబులోంచి ఆ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"భయమేస్తా ఉందమ్మా" అన్నాడు. "మీ అమ్మ గుర్తొస్తా ఉంది."

"నాకు గుర్తురాదా?" అంది ఫరా. "నువ్విట్టా ఉంటే నేను ఈ గడప దాటి ఎట్టా పోయేది అబ్బాజాన్?"

నౌషాద్ నూనె చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. బుగ్గంతా నల్లబడింది. ఇంత మంచి పిల్లను కన్నందుకు ఆ క్షణాన ఆయనకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం. తనే వంగి ముక్క బిగించి, ఇప్పుడు కొట్టమన్నాడు.

కారు గట్టిగా దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. హజ్రా బీ పీట మీంచి లేచి రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. కాంతమ్మ గోడ అవతలే నిలబడి చప్పట్లు కొట్టింది.

పెళ్లి రోజు లేత నీలం అంబాసిడర్ గులాబీ దండలు వేసుకుని ఇంటి ముందు నిలబడింది. చుట్టాలు బస్సెక్కారు. హజ్రా బీ ముందు సీట్లో సర్దుకుంది. ఎర్రగా పండిన గోరింటాకు చేతులతో, జరీ బట్టల్లో ఫరా గడప దాటి వస్తుంటే వీధి వీధంతా కళ్లప్పగించి చూసింది. కాంతమ్మ ఆమెకు మెటికలు విరిచింది.

ఫరా తిన్నగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని, సెల్ఫ్ కొట్టి, వెనక సీట్లో ముఖం నిండా పూల సెహ్రా కట్టుకుని ముడుచుకు కూర్చున్న పెళ్లికొడుకును అద్దంలో చూసి, "ఇప్పుడన్నా నవ్వు అబ్బాజాన్" అంది.