మాడుకు ఆముదం

మా అత్త ఓబమ్మ చేయి నా మొగుడి తలమీదికి పోయింది.

"ముట్టొద్దత్తా!" అని అరిచినాను.

నల్లంపల్లి దగ్గర లారీ గుద్దినప్పుడు మెదడు వాచిందని మా ఆయన మునిరాజ్ పుర్రెలో ఒకపక్క ఎముక తీసేసినారు. ఇప్పుడక్కడ వట్టి తోలే. దాని కింద ఏదో కొట్టుకుంటా ఉంటుంది. కండ్లు తెరిచి చూస్తాడు గానీ మాట లేదు. మాటెప్పుడొస్తుందని అడిగితే డాక్టరు అరవంలో "పాక్కలాం" అంటాడు. చూద్దామంట! ఎన్నాళ్లు చూసేది?

అత్తకేమో మతి పూర్తిగా పోయింది. కన్నకొడుకును చూసి "ఈయప్ప ఎవురు?" అంటుంది. ఇద్దరికీ అన్నం తినిపించేది నేనే. ఏడ్చేదానికి కూడా తీరిక లేదు నాకు.

అరిచినా ఆమె చేయి తియ్యలేదు. ఆ మెత్తటి చోట అరచేయి మెల్లగా ఆనించి, నన్నే కసిరింది.

"బిడ్డకు మాడు ఇంకా గట్టిపడలేదు. ఆముదం పెట్టకుండా ఏం చేస్తా ఉండావు?"

నా మొగం చూసి గొంతు తగ్గించింది.

"దిగులుపడొద్దులే పాపా. మాడు గట్టిపడినాక మాటలు వస్తాయి. మా మునిరాజ్‌కూ అంతే, మూడేండ్లు నిండినాకే నోరు తెరిచినాడు."

మాటలు వస్తాయని ఇన్ని నెలల్లో నాకు చెప్పింది ఆమె ఒక్కతే. కండ్లు తుడుచుకుని, ఆముదం కోసం వంటింట్లోకి ఉరికినాను.

గిన్నెతో తిరిగొచ్చేసరికి అత్త చేయి తీసేసి, దూరంగా జరిగి నిలబడి ఉంది.

"ఈయప్ప ఎవురు?" అని అడిగింది.