రెండో కంచం

కాటా మీద బాపి సంచి పద్నాలుగు కిలోల మూడు వందల గ్రాములు తూగింది.

“కొండెక్కుతున్నావా, కాపురం మారుస్తున్నావా?” అన్నాడు నాని.

ఆదివారం మధ్యాహ్నం. కోరాపుట్‌లో నాని వాళ్ల చింతపండు హోల్‌సేల్ దుకాణం సగం షట్టరు దించి ఉంది. దుకాణం వెనకే ఇల్లు. తెల్లారితే ఇద్దరూ దేవమాలి కొండకు బయల్దేరాలి. సెమిలిగుడ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఊళ్ల మీదుగా కాలిదారి. పైన గుడారంలో ఒక రాత్రి, మర్నాడు దిగిపోవడం. పైదాకా కార్లు పోయే రోడ్డు ఒకటుంది గానీ, నాని దగ్గర ఆ మాట ఎత్తితే మొహం మాడ్చుకుంటాడు.

నానికిది ఐదోసారి. బాపికి మొదటిసారి. ఇద్దరూ ఒకే బళ్లో చదువుకున్నారు. బాపి తల్లి దేముడమ్మ మునిసిపాలిటీలో స్వీపరు. బాపికీ అక్కడే వీధి దీపాల పని. కరెంటు స్తంభాలు చకచకా ఎక్కేస్తాడు గానీ, కొండల్ని మాత్రం బస్సు కిటికీలోంచి చూడటమే.

నాని ఇంతకు ముందు నాలుగుసార్లూ ఒక్కడే వెళ్లాడు. ధైర్యం ఎక్కువై కాదు, తోడెవరూ రాక.

ఇరవయ్యో ఏట వేళ్ల మీద మొదలైన తెల్లమచ్చలు ఇప్పుడు మోచేతుల దాకా పాకాయి. అంటుకునేది కాదని విశాఖపట్నంలో డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మెడలో కట్టుకు తిరగలేడు కదా. దుకాణానికి వచ్చినవాళ్లు డబ్బులు చేతిలో పెట్టరు, బల్ల మీద పడేస్తారు. పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది. ఇంట్లో తల్లి మాత్రం పంతం పట్టి తన కంచంలోనే అన్నం కలిపి అతనికి ముద్దలు పెడుతుంది. బయట అంత పంతం ఎవరికుంటుంది? అందుకే నాని కొండలు మరిగాడు. అక్కడ చేతుల కేసి చూసేవాళ్లుండరు.

వారం కిందట బాపి తనంతట తానే, నన్నూ తీసుకెళ్లమని అడిగాడు. నానికి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే ఇద్దరు పట్టే గుడారం కొన్నాడు.

ఇప్పుడు నాని ఆ బాపి సంచిని గోనెల మీద బోర్లించాడు. కొండ మీద గ్రాముకు గ్రామే లెక్క అని, కాళ్లు మోసేది సామాన్లను కాదు తెలివితక్కువతనాన్ని అని కాసేపు పాఠం చెప్పాడు. బాపి బుద్ధిగా తలాడించాడు. బొంత తీసేస్తే ఏమీ అనలేదు. గొడుగు తీసేసినా ఏమీ అనలేదు. అరలీటరు కొబ్బరినూనె సీసా తీసేసినప్పుడు ఒక్కసారి ఆశగా చూసి ఊరుకున్నాడు.

సామాన్ల కుప్పలో తువ్వాల్లో చుట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. తడిమి చూశాడు. ఒక కంచం, ఒక గ్లాసు.

నాని మూట తీసి పక్కన పెట్టాడు. తన సంచిలో ఒక కంచం, ఒక గ్లాసు ఉన్నాయనీ, ఇద్దరూ కలిసి తినడమే పద్ధతనీ చెప్పాడు. ఆ మాట అనడం అతనికి బాగుంది. మరోసారి అందామనుకునేలోగా బాపి మూటని మళ్లీ సంచిలో పెట్టేశాడు.

నాని నవ్వి మళ్లీ తీశాడు. కాటా మీద పెట్టి చూపించాడు. నాలుగు వందల ఇరవై గ్రాములు.

బాపి తలెత్తకుండా దాన్ని అందుకుని సంచిలో పెట్టాడు.

“ఉండనీ. నేనే మోత్తాను కదా.”

నానికి తల కొట్టేసినట్టయింది. చెవులు కాలిపోతున్నాయి. మడిచిన చొక్కా చేతులు మెల్లగా మణికట్టు దాకా దించుకున్నాడు.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు పిలిచినా బాపి ఇంట్లోకి రాలేదు. అరుగు మీదే కూర్చుని, టీ తాగి, పనుందని లేచిపోతాడు. భోజనానికి ఉండమంటే ఏదో సాకు చెప్తాడు. మొహమాటం అనుకున్నాడు నాని. ఇన్నాళ్లకి అర్థమైంది, పిచ్చివాడికి. వీడూ అందరి లాంటివాడే. కాకపోతే జాలి కాస్త ఎక్కువ, పాపం ఒంటరిగా పోతున్నాడని వస్తానన్నాడు.

మూల నిలబెట్టిన కొత్త గుడారం కేసి చూడాలంటే సిగ్గేసింది. దాన్ని ఎంత సంబరంగా విప్పి చూపించాడు. నువ్వీ పక్క, నేనా పక్క అని చోటు కూడా పంచాడు. జ్వరంగా ఉంది, రేపు వద్దులే అనేస్తే పోతుంది. అనబోయాడు కూడా. కానీ వేరే మాట వచ్చింది.

“నిజం చెప్పు బాపీ. నా చేతులు చూస్తే నీకూ రోతేనా? ముందే చెప్పుంటే ఎప్పట్లాగే ఒక్కణ్ణే పోదును.”

బాపి మొహం వాడిపోయింది. నేల చూపులు చూస్తూ మూటని మళ్లీ బయటికి తీశాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. సిగ్గుపడాల్సింది నేను కదా, వీడికెందుకు అనుకున్నాడు నాని.

“నీ సేతులకేటయింది నానీ,” అన్నాడు బాపి తువ్వాలు ముడి విప్పుతూ, “ఈ కంచం, గ్లాసు మీ అరుగు గూట్లో నాకని ఇడిగా ఉంచినవే, కొండ మీదైనా మర్సిపోవద్దని పొద్దున్న మీయమ్మగారే ఇచ్చేరు.”