తలకు పోసిన రోజు

ఐస్ డబ్బా భుజాన వేసుకుని హేమలత మళ్లీ వచ్చింది.

ఆమెను గుమ్మంలో చూడగానే భూమేశ్‌కు ఒళ్లు మండింది.

ఆ వానాకాలం బాన్సువాడలో ఇంటికొకరు మంచం పట్టారు. అతని పదేళ్ల కూతురు సింధుజ కూడా పడిపోయింది. మూడు రోజుల కింద ఈమె వచ్చి, జ్వరాల మీద పరిశోధన కోసమని పిల్ల చేతి నుంచి చిన్న సీసాడు రక్తం తీసుకుపోయింది. భార్య ప్రేమల ఒప్పుకుంది కాబట్టి అప్పుడు ఊరుకున్నాడు. ఊరి నోరు ఊరుకుంటుందా? వెనక గల్లీలో కిరాయికి దిగిన ఆ ఒంటరి మనిషి రక్తం అమ్ముకుంటుందని పుకారు లేచింది.

ఇవాళ పొద్దున సింధుజకు జ్వరం దిగింది. పెరట్లో వేపాకు నీళ్లు కాగుతున్నాయి. జ్వరం దిగితే తలకు పోయాలి, పోచమ్మకు బెల్లం నీళ్లతో సాక పెట్టాలి. తాతల నాటి పద్ధతి.

"అన్నా, తలకు పోసుడు తర్వాత. ముందుగాల పాపను దవాఖానకు తీస్కపోండ్రి," అంది హేమలత.

జ్వరం లేనిదానికి దవాఖాన ఎందుకన్నాడు భూమేశ్.

"పాపది డెంగీ. డెంగీల జ్వరం దిగినంకనే అసలు గండం. మన ఒంట్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని సన్నటి పోగులుంటయ్. ఏ కావలి లేవాలె, ఏది పండుకోవాలె అని అవే చెప్తయ్. వైరస్ వాటినే తన దిక్కు తిప్పుకుంటది. పాప రక్తంల గా జాడ కనవడ్డది."

దొంగ వచ్చి కాపలా కుక్కకు ఎముక వేసినట్టన్నమాట, అనుకున్నాడు భూమేశ్.

"పక్కానా?"

"పక్కా అని చెప్పలేనన్నా. ఇంకా పరిశోధనలనే ఉన్నది. తప్పయితే నన్ను తిట్టుండ్రి."

పక్కా కాని మాటకు ఇంత గోల దేనికని భూమేశ్ విసుక్కున్నాడు. ఆమె కదలలేదు. ఇరుగుపొరుగు వింటుండగానే అతను నోరు జారాడు.

"పిల్లలను కన్నదానివైతే ఎరుకయితుండె. బిడ్డ లేచిన పూట గండం అంటవా?"

హేమలత పెరట్లో పొగలు కక్కుతున్న కాగును చూసి, చప్పున ముఖం తిప్పుకుంది. కాగితం మీద ఫోన్ నంబరు రాసి, అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

ప్రేమల పిల్లకు తలకు పోసింది. తడి జుట్టుతో సింధుజ నవ్వితే భూమేశ్ ఫోన్‌లో ఫొటో తీసుకుని, నిశ్చింతగా చెరకు తోటకు పోయాడు.

పొద్దుగూకేసరికి పిల్ల కడుపునొప్పి అంది. చేతులు చల్లబడ్డాయి. జ్వరమైతే లేదు కదా అని ప్రేమల దుప్పటి కప్పింది.

ఆ రాత్రి నిజామాబాద్‌ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఒక్కటే అడిగాడు, పొద్దున ఎందుకు తేలేదని.

మర్నాడు మధ్యాహ్నం సింధుజ పోయింది.

దినాలు అయ్యాక భూమేశ్ వెనక గల్లీకి వెళ్లాడు, హేమలత కాళ్ల మీద పడదామని. గదికి తాళం ఉంది. జుక్కల్ దిక్కు తండాల్లో జ్వరాలు లేచాయని, పొద్దున్నే డబ్బా సర్దుకుని అటే పోయిందని ఇంటి యజమానురాలు భాగ్య చెప్పింది. ఊరూరు తిరిగే ఆ పని ఆమె అడిగి మరీ తీసుకుందట.

కిటికీలోంచి గోడ మీద ఫొటో కనిపించింది. పదేళ్ల పిల్ల. తడి జుట్టు, నవ్వు ముఖం, మీద దండ.

భూమేశ్ భాగ్య వైపు తిరిగాడు.

"ఎవరక్కా ఆ పాప?"

"ఆమె బిడ్డనే. పోయినేడు జ్వరం దిగిందని తనే తలకు పోసి, మురిసిపోయి తీసుకున్న ఫొటో."